ఊరి నడుమ ఆటబయలు

హోసూరు సీమలో రాత్రి తెల్లవార్లు ఆడెడు ఆటకు మూడు పేర్లు కలవు. తెలుగువారు దానిని వీధినాటకమందురు. తమిళులు తెరుక్కూత్తు అందురు. కన్నడిగులు బయలాట అందురు. వింత యేమనగా, ఈ మూడు పేర్లలో ఒక్కటియు కథను గూర్చి గాని, పాటను గూర్చి గాని, వేషమును గూర్చి గాని చెప్పదు. మూడును చోటునే చెప్పును. తమిళమున తెరు వనగా వీధియే. కన్నడమున బయలనగా మన బయలే. మూడు భాషలవారును ఒక కళకు దాని నేలను బట్టియే పేరు పెట్టుకొనిరి. ఆ నేల పోయినచో పేరు నిలిచి యేమి ప్రయోజనము? ఈ వ్యాసమున మేము విచారింపబూనినది ఆ నేలను గూర్చి, ఆ నేలకు కావలసిన ధనమును గూర్చి.

మా కోరిక చిన్నది. హోసూరు పట్టణము నడుమ నొకటి, కృష్ణగిరి నడుమ నొకటి, కుటుంబములు సాయంకాలమున పిల్లలతోను వృద్ధులతోను వచ్చి కూర్చుండదగిన ఉద్యానము కావలెను. దానియందు ఒక మూల ఆటకు, పాటకు, హరికథకు పనికివచ్చు ఆరుబయటి రంగస్థలము కావలెను. ఈ మాట మనవారు కలసినప్పుడెల్ల ఎవరో యొకరు ఎత్తుచునే యున్నారు. ఎత్తిన ప్రతిసారియు "డబ్బెక్కడిది?" అను ప్రశ్నతో మాట ఆగిపోవుచున్నది. పూర్వులు ఈ ప్రశ్నకు ఏమి సమాధానము చెప్పుకొనిరో చూచినచో, మనకును కొంత దారి తోచునని మా నమ్మకము.

మొదట ఆ పాత బయలు ఎట్లుండెడిదో చెప్పవలెను. నేటి పిల్లలు దానిని చూచి యుండరు. ఊరిబయట ధర్మరాజుల గుడి ముందు, లేదా పంట కోసిన పొలమున, చదరముగా కొంత నేల శుభ్రము చేసి నీరు చల్లెడివారు. నాలుగు గుంజలు, పైన పందిరి, వెనుక వేషములు వేసికొనుటకు తడికలతో కట్టిన మరుగు. పాటగాండ్రును, మద్దెలవాడును, తాళములవాడును, ముఖవీణ లేక హార్మోనియము వాయించువాడును వెనుకవరుసన నుందురు. ఇద్దరు మనుష్యులు చెరియొక కొస పట్టుకొన్న తెరయే తెర. దాని వెనుక కిరీటము కనబడును, భుజకీర్తులు కనబడును, గజ్జెల చప్పుడు వినబడును. తెర తొలగువరకు పిల్లలు ఊపిరి బిగబట్టుకొని చూతురు. జనము మూడు వైపుల నేలమీదనే కూర్చుందురు. చాపలు, గొంగళ్లు, నిద్రించు పసివారు, శెనగలమ్ము అవ్వ. ఇంతటి రంగస్థలమునకు ఇటుక లేదు, సున్నము లేదు. ఖాళీగా విడిచిన నేల యొక్కటియే దాని మూలధనము.

భారతము జరుగు ఊళ్లలో ఈ బయలు పదునెనిమిది దినములు, కొన్నియెడల అంతకు మించియు, ఊరికి నడిబొడ్డయి యుండెడిది. పగలు హరికథ, రాత్రి నాటకము. బకాసురవధనాడు బండెడన్నము ఊరేగును. అర్జున తపస్సునాడు వేషగాడు పాడుచు తపసుమాను ఎక్కును. కడపటి దినమున మన్నుతో పరుండబెట్టిన మహాకాయుడైన దుర్యోధనుని తొడ విరుగగొట్టుదురు. ద్రౌపది వేషధారి అంతవరకు విరియబోసికొన్న జుట్టు ముడుచుకొనును. చిత్తూరు జిల్లా కుప్పము మొదలుకొని కృష్ణగిరి, ధర్మపురుల వరకు ఇది యొక్కటే సంప్రదాయము. ఒక ఊర తెలుగున పాడుదురు, పొరుగూర తమిళమున పాడుదురు, అంతియే భేదము. హోసూరునకు చేరువనే తొరపల్లిలో 1878 డిసెంబరు 10వ తేదీన జన్మించిన రాజాజీ, తరువాత భారతకథను వచనమున వ్రాసి దేశమంతటికి అందించెను. ఆయన హోసూరు బడిలో చదువుకొన్న బాలుడు. ఈ సీమ రాత్రులలోని మద్దెల ఆయన చెవిని బడకుండునా అని మేము అప్పుడప్పుడు అనుకొందుము. ఇది ఊహయే కాని చరిత్ర కాదు.

ఇక ధనము మాట. ఇంతటి ఉత్సవమునకు సొమ్ము మూడు త్రోవల వచ్చెడిది. మొదటిది మాన్యము. గుడికి, గుడిసేవ చేయువారికి, మేళగాండ్రకు పాలకులు విడిచిన ఇనాము భూములుండెడివి. 1792లో శ్రీరంగపట్టణపు సంధివలన బారామహలు కుంఫిణీవారి చేతికి వచ్చినప్పుడు, కెప్టెన్ అలెగ్జాండరు రీడును, ఆయన క్రింద తామసు మన్రోయును ఇచ్చటి భూములను కొలిపించి పన్నులు నిర్ణయించిరి. 1858లో చెన్నపట్టణ ప్రభుత్వము ఇనాము కమిషనును నియమించి ఎవరి మాన్యమునకు ఏ హక్కు కలదో విచారించినది. స్వాతంత్ర్యానంతరము 1963 నాటి చట్టముతో చిల్లర ఇనాములు రద్దయి రైతువారీ పట్టాలయ్యెను. భూమి దున్నువానికి అది న్యాయమే. మేము దానిని తప్పు పట్టము. కాని మేళమునకు ఆధారమైన త్రోవలలో ఒకటి మూతపడిన మాట నిజము.

రెండవది వరి, అనగా ఇంటికింతయని వేసికొను పన్ను. పొయ్యి వెలిగిన ప్రతి యింటనుండియు, ధనికుడు దరిద్రుడు అను భేదము లేక, ఏదో యొకటి రావలెను. లేనివాడు రాగులిచ్చును, కట్టెలిచ్చును, పందిరి వేయుటకు వచ్చును. ఈ పద్ధతిలోని గూఢార్థము మనము గ్రహింపవలెను. వరి ఇచ్చినవాడు ఆ బయలులో కూర్చుండుటకు ఎవరి అనుమతియు అడుగనక్కరలేదు. మూడవది చదివింపు. ఆట మధ్యమున హాస్యగాడు వచ్చి, ఫలానివారు ఇంత ఇచ్చినారని గొంతెత్తి చాటును. ద్రౌపది ఏడ్చుచుండగా కథ నాపి, ఒకరి అయిదు రూపాయలను చాటుట నాగరికులకు నవ్వు పుట్టింపవచ్చును. మాకును చిన్ననాట విసుగుగానే యుండెడిది. ఇప్పుడు ఆలోచించి చూడగా, ఆ చాటింపు రసీదు వంటిదనియు, నలుగురి యెదుట చదివిన లెక్క కావున ఎవరును మ్రింగుటకు వీలు లేనిదనియు తోచుచున్నది.

ఈ మూడు త్రోవలును నేలను కొనుటకు గాదు. నేల యప్పుడు కొనదగిన వస్తువు గాదు, ఊరిలో నుండెను. పంచాంగము చూచి ముహూర్తము పెట్టినట్లే, ఖాళీ చేను చూచి ఆట పెట్టెడివారు. 1970లలో సిప్కాట్ పారిశ్రామికవాడ వెలసి, 1980 ప్రాంతమున అశోక్ లేలాండు, టీవీయస్ కర్మాగారములు, ఆ పిమ్మట టైటాన్ గడియారములు హోసూరునకు వచ్చుటతో సంగతి మారినది. మన యిండ్లకు జీతములు వచ్చెను. మన పిల్లలకు పనులు దొరకెను. ఆ మేలును మరచి మాటలాడువారము గాము. కాని గజము నేలకు వెల కట్టు కాలము వచ్చిన పిదప, వెల లేక యూరక పడియుండెడు బయలు ఒక్కొక్కటిగా బస్సులకు, లారీలకు, ప్లాట్లకు పోయినది. 2011 జనాభా లెక్కలలో 1,16,821 మంది గల హోసూరు పురము 2019లో నగరపాలక సంస్థ అయినది. రామనాయకన్ చెరువు ఒడ్డున ఉద్యానము కలదు. నడకకు వచ్చువారికి అది మేలే. కాని మద్దెల మోగింపదగిన బయలు వేరు. చంద్రచూడేశ్వరుని తేరునాడు తేరుపేటలో కాలు పెట్ట సందుండదు. ఆ జనమే మరునాడు ఎక్కడ కూర్చుండవలెనని అడిగినచో సమాధానము లేదు. కృష్ణగిరిలో వేసవిని జరుగు మామిడి ప్రదర్శనకు వేదిక కట్టుదురు, కళాకారులు వత్తురు, ప్రదర్శన ముగియగానే కఱ్ఱలు విప్పి బండికెత్తుదురు.

మనవారి స్వభావమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. మనము దాతలము కామని ఎవరనగలరు? గుడిగోపురమునకు ఇత్తుము, అన్నదానమునకు ఇత్తుము, కల్యాణమండపమునకు పోటీపడి ఇత్తుము. మండపమునకు గోడ యుండును. గోడకు చలువరాయి, దానిమీద పేరుండును. పైగా అద్దె వచ్చును. ఆటబయలునకు గోడయు లేదు, అద్దెయు లేదు. పేరు వ్రాయుటకు చోటే లేని దానమునకు చేయి సాచుట కష్టమే. ఈ కష్టము మనకు క్రొత్తది గాదు. చెన్నపట్టణపు చరిత్రలో ఒక ఘట్టము దీనికి చక్కని ఉదాహరణము.

1859లో చెన్నపట్టణ గవర్నరుగా వచ్చిన సర్ చార్లెస్ ట్రెవెల్యాన్ నగరమధ్యమున ప్రజల విహారార్థము ఉద్యానమొకటి ఏర్పరచ సంకల్పించెను. అదియే పీపుల్స్ పార్కు. 116 యకరముల నేల. చెరువులు, బాటలు, బ్యాండు వాయించుటకు మండపము, తరువాత జంతుశాల. 1882లో పురప్రముఖులు పచ్చయప్ప హాలులో సభ చేసి, ఈ నగరమునకు సభలు, నాటకములు జరుపుకొన నొక భవనము కావలెనని తీర్మానించిరి. చందాలు ప్రోగుచేసిరి. 1883 డిసెంబరు 17న శంకుస్థాపన చేసినవాడు విజయనగర మహారాజు పూసపాటి ఆనందగజపతి. గురజాడవారి కన్యాశుల్కము అంకితము పొందిన ప్రభువు ఈయనయే. పీపుల్స్ పార్కు నేలలో 57 గ్రౌండ్లను పురపాలకులు 99 ఏండ్ల కౌలుకు, గ్రౌండుకు 8 అణాల చొప్పున ఇచ్చిరి. ఆ కట్టడమే విక్టోరియా పబ్లిక్ హాలు. లెక్క చూడుడు: నేల పురపాలకులది, కట్టుబడి చందాదారులది, నిర్వహణ ధర్మకర్తల సంఘముది. నేడు మనము క్రొత్తగా కనిపెట్టితిమనుకొను పద్ధతి అంతయు అందులో కలదు.

దాని ఫలితమేమి? 1891లో బళ్లారినుండి ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు తమ సరసవినోదినీ సభతో వచ్చి ఆ హాలులో తెలుగు నాటకములాడిరి. వానిని చూచినవారిలో పమ్మళ్ సంబంధ మొదలియారను పదునెనిమిదేండ్ల తమిళ యువకుడుండెను. తనకు అంతవరకు నాటకములనిన చిన్నచూపనియు, ఆ తెలుగు ప్రదర్శనములే తన మనస్సు మార్చినవనియు ఆయనయే తరువాత చెప్పుకొనెను. ఆ యేడు జూలై 1న సుగుణవిలాస సభ పుట్టినది. ఆధునిక తమిళ నాటకమునకు అదియే తొలి మెట్లలో నొకటి. బళ్లారియు మనవలె సరిహద్దు సీమయే. 1953లో మైసూరు రాష్ట్రమున చేరినది. సరిహద్దున నున్న తెలుగువాడు, తమిళనగరమున, నలుగురి చందాతో కట్టిన చోట ఆడిన ఆట, తమిళులకు నాటకభిక్ష పెట్టినది. భిక్ష యను మాట గర్వముగా దోచినచో ఉపసంహరించుకొందుము, చేబదులనుకొందము. మనము వారి కీర్తనల సభలలో పొందినదానికి అది చెల్లు.

అయితే ఆ ఉద్యానముగతి యేమైనది? అందులోనే 1900 నాటికి మూర్ మార్కెట్టు లేచినది, 1913లో నగరపాలక సంస్థ తన రిప్పన్ భవనమును నిలిపినది, క్రీడాస్థలము వచ్చినది. 1985లో మార్కెట్టు తగులబడగా ఆ చోటు రైల్వేవారికి పోయెను. జంతుశాల అదే యేడు వండలూరునకు తరలినది. 116 యకరములలో నేడు ఉద్యానమని చెప్పదగినది స్వల్పము. ఎవరును దానిని దోచుకొనలేదు. ప్రతి యొక్కరును ఏదో యొక ప్రజాప్రయోజనము చెప్పియే ఒక ముక్క తీసికొనిరి. హాలు సైతము దీర్ఘకాలము మూతపడి యుండి, 2023లో నగరపాలకులు పునరుద్ధరణ చేపట్టువరకు శిథిలముగా నుండెను. ఇందువలన మాకు దోచినది: ధనము కుదురుట సగము పని మాత్రమే. ఖాళీ నేల ఖాళీగా నుండుటయే దాని ప్రయోజనమని కాగితము మీద వ్రాయించుకొననిచో, అది ఎవరి కన్నులకైనను నిరుపయోగమైన నేలగానే కనబడును.

ఆ కాగితము దొరకునదే. హోసూరునకు నలుబది కిలోమీటర్ల దూరమున బెంగళూరున్నది. అచ్చట 1870లో సాంకీ దొరవారు రూపొందించిన కబ్బన్ పార్కు కూడ కొంతకొంతగా కట్టడములకు పోవుచుండగా, 1975లో కర్ణాటక ప్రభుత్వము ఉద్యానముల సంరక్షణకు చట్టమే చేసినది. అదే నగరమున రాజమహల్ విలాస్ విస్తరణమునందు ఉద్యానమునకు విడిచిన స్థలమును ఆసుపత్రికిచ్చుట చెల్లదని 1991లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆసుపత్రి మంచిది కాదని కాదు. గాలి, వెలుతురు, పిల్లల ఆట మరొక ప్రయోజనమునకు బలి యియ్యదగినవి కావని. మన రాష్ట్రమున 1959 నుండియే ఉద్యానములు, క్రీడాస్థలములు, బయళ్ల సంరక్షణ చట్టము కలదు. స్థానిక సంస్థ తన పరిధిలోని అట్టి స్థలముల పట్టిక తయారుచేయవలెననియు, పట్టికకెక్కిన స్థలమును ప్రభుత్వానుమతి లేక వేరు పనికి వాడరాదనియు దాని సారాంశము. మనము అడుగవలసిన మొదటి వరము ఈ పట్టికలో ఒక పంక్తి. దానికి రూపాయి ఖర్చు లేదు.

చెన్నపట్టణములోనే మరియొక ఉద్యానము కలదు. దాని పేరు చెప్పగానే మన మనస్సు ఉప్పొంగును. మైలాపురము లజ్ వీధిలోని నాగేశ్వరరావు పార్కు. అమృతాంజనమును, ఆంధ్రపత్రికను నెలకొల్పిన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేర అది వెలసినది. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు ఒడంబడిక చేసికొన్న పంతులుగారి శ్రీబాగ్ గృహము ఆ పరిసరములదే. ఉద్యానము నగరపాలక సంస్థది. దాని పోషణభారమును సుందరం ఫైనాన్సు సంస్థ వహించినది. నెలకొక ఆదివారము ఉదయమున బాలకళాకారులు మైకు లేకుండ అచ్చట పాడుదురు. వినువారు చెట్లనీడను కూర్చుందురు. నడకకు వచ్చినవారు ఆగి వినుచు ఆలస్యము చేసికొందురు. పెద్ద రంగస్థలము లేదు, టిక్కెట్టు లేదు. సుందరం ఫైనాన్సు టీవీయస్ కుటుంబమున 1954లో పుట్టిన సంస్థ. ఆ కుటుంబపు కర్మాగారము మన హోసూరుననే యున్నది. ఇరువురకును బంధుత్వము కలదని చెప్పి చుట్టరికము కలుపుకొనుట మా యభిప్రాయము గాదు. అట్టి యేర్పాటు తమిళనాట నడచుచున్నదని చూపుట మాత్రమే.

నేటి కాలమున ధనము లభించు త్రోవలను గూర్చి, అర్జీలు వ్రాయు యువకుల కొరకు, కొంత వివరింతుము. తమిళనాడు ప్రభుత్వమువారు 1997-98లో ఆరంభించి 2021లో మరల చేపట్టిన "నమక్కు నామే" అను పథకము కలదు. పేరునకు మనకు మనమే యని అర్థము. ప్రజలు మూడింట నొకవంతు పెట్టినచో తక్కిన రెండు వంతులు ప్రభుత్వము పెట్టును. ఇది మన వరికి సర్కారు ముద్ర వేసినట్లే యున్నది. పార్లమెంటు సభ్యులకు 1993 నుండి నియోజకవర్గాభివృద్ధి నిధి కలదు. 2011-12 నుండి అది ఏటికి 5 కోట్ల రూపాయలు. శాసనసభ్యులకును అట్టిది కలదు. ఈ నిధులతో పూర్తియైన ఆస్తి ప్రజలదై యుండవలెను కాని సంఘముది కారాదు. ఇది మనవారు తరచు మరచుదురు. "మా సంఘము పేర" అను మాట అర్జీలో కనబడినచో పని చెడును.

2013 కంపెనీల చట్టము 135వ సెక్షను ప్రకారము, నియమిత పరిమాణమునకు మించిన కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి 2 వంతులు సమాజ ప్రయోజనములకు వెచ్చింపవలెను. చట్టపు ఏడవ షెడ్యూలులో కళలు, సంస్కృతి, సంప్రదాయ కళల అభివృద్ధి అను మాటలు స్పష్టముగా నున్నవి. తమ చుట్టుపట్ల ప్రాంతమునకు ప్రాధాన్యమియ్యవలెనని కూడ చట్టమే చెప్పుచున్నది. హోసూరు కంటె దీనికి తగిన ఊరు వేరే వెదుకనేల? ఇక నేల సంగతి. 2019 నాటి రాష్ట్ర నిర్మాణ నిబంధనల ప్రకారము 10,000 చదరపు మీటర్లకు మించిన లేఅవుటు వేయువారు బాటలు పోగా నూటికి 10 వంతుల నేలను బయలుగా విడిచి స్థానిక సంస్థకు దానపత్రమిచ్చి అప్పగింపవలెను. హోసూరు చుట్టును లేఅవుట్లు పుట్టగొడుగులవలె లేచినవి. విడిచిన ముక్కలేవో, అవి ఎచ్చట నున్నవో, వానిలో ముళ్లకంపలు మొలచినవెన్నియో మనలో ఎందరికి తెలియును? ఊరి నడుమ నేల వెల వినగానే భయపడుట కంటె, ముందుగా ఈ లెక్క తీయుట మంచిది.

మేమును ఒకప్పుడు అర్జీ పట్టుకొని తిరిగినవారమే. ఒక కార్యాలయమున "స్థలము చూపుడు, నిధులకు వ్రాయుదుము" అనిరి. మరియొక కార్యాలయమున "నిధులున్నవని చూపుడు, స్థలమునకు వ్రాయుదుము" అనిరి. ఈ రెంటి నడుమ మెట్లెక్కి దిగుటలో ఒక వేసవి గడచినది. ఎవరియందును దురుద్దేశము లేదు. మేమే ఒట్టిచేతులతో పోయితిమి. సర్వే నంబరు లేదు, మా వంతు సొమ్ము లేదు, కట్టిన పిమ్మట ఊడ్చువాడెవ్వడో లేదు. మాట మాత్రముండెను. ఆ రోజున వరండాలో కూర్చున్న యొక వృద్ధ రైతు మా గోడు విని, "భారతానికి పోయి అడగండయ్యా, ఊరు మొత్తము ముందే రాసి పెట్టుకోనుంటారు" అన్నాడు. అప్పుడు నవ్వుకొంటిమి, ఇంటికి వచ్చి ఆలోచించితిమి.

కట్టుట కంటె పోషించుట కష్టము. ప్రారంభోత్సవము నాటి దీపములు మూడవ వర్షాకాలమునకు వెలుగవు; మరుగుదొడ్డికి తాళము పడును; చీకటి పడగానే స్త్రీలు, పిల్లలు రారు; పిల్లలు రాని ఉద్యానము త్రాగుబోతులకు నెలవగును. కావున మా వంతు సొమ్మును కట్టుబడికి మాత్రమే గాక, కొంత బ్యాంకులో నిలువయుంచి, దాని వడ్డీతో కావలివానికి, నీటికి, దీపమునకు జీతబత్తెములు జరుగునట్లు చూడవలెను. పాత మాన్యము చేసిన పని యిదియే. అది ఒకనాటి ఉత్సవమునకు గాక, ఏటేటి ఉత్సవమునకు ఇచ్చినది. ఒక్క దాత మొత్తమిత్తునని ముందుకు వచ్చినను, మేము సవినయముగా కొంతే పుచ్చుకొందుము. వేయి యిండ్లవారు నూరేసి రూపాయలిచ్చినచో లక్షయే యగును. కాని వేయి యిండ్లవారు దానిని తమదనుకొందురు. లక్ష యొక్కరే ఇచ్చినచో తక్కినవారు అతిథులు.

ఇంతకును ఇది తెలుగువారి ఉద్యానమా యని కొందరు మిత్రులు ప్రశ్నింపవచ్చును. కాదు, కారాదు. 1960లో ఆంధ్ర, మదరాసు రాష్ట్రముల సరిహద్దులు సవరింపబడినప్పుడును హోసూరు ఇచ్చటనే నిలిచినది. 1965లో సేలమునుండి ధర్మపురి జిల్లాలోనికి, 2004లో కృష్ణగిరి జిల్లాలోనికి మారినది. జిల్లాల పేర్లు మారినను మన సంతలో మూడు భాషలును మారలేదు. ప్రజాధనముతో కట్టిన చోట ఒక భాషకే తలుపు తీయుదుమనుట అధర్మము, అసాధ్యము. కాని మనకు దానివలన గలుగు మేలు ప్రత్యేకమైనది. 2006 చట్టము తరువాత బడిలో తమిళము నిర్బంధమైనది. తమిళము చక్కగా నేర్చుకొనుట మన పిల్లలకు మేలే. తెలుగు మాత్రము ఇంటి లోపలి మాటయైనది. వంటింటిలో మాటలాడు భాషకు, నలుగురి నడుమ పాటగా, పద్యముగా, హాస్యముగా వినబడు భాషకు ఎంత భేదము కలదో చూడుడు. పిల్లవాడు ద్రౌపది మొర తెలుగున విని, పక్కనున్న తమిళ బాలుడు దానికి కన్నీరు పెట్టుట చూచినచో, తన యింటి మాటకు సిగ్గుపడడు. బడి యియ్యజాలనిది బయలు ఇయ్యగలదు. మరునాడు తమిళ కూత్తు, ఆ మరునాడు కన్నడ బయలాట. మన పిల్లలును పోయి చూతురు.

కడపట నిర్మాణమును గూర్చి ఒక చిన్న సంగతి. మాకు తెలిసిన యువ ఇంజనీరొకడు ఉత్సాహముతో ఒక పటము గీసి తెచ్చెను. అర్ధచంద్రాకారముగా రాతిమెట్లు, చుట్టును వేప, కానుగ చెట్లు, పిల్లలకు ఉయ్యాలలు, త్రాగునీరు, స్త్రీలకు వేరుగా మరుగుదొడ్లు, వృద్ధులకు వీపు ఆనించుకొను అరుగులు. అన్నియు చక్కగా నున్నవి. నడుమ వేదికకు నున్నని గ్రానైటు పలకలు పరచుటకు గీసినాడు. కృష్ణగిరి జిల్లాలో గ్రానైటునకు కొదువ లేదు గదా. ఆ పటమును మేము ఏండ్ల తరబడి దుర్యోధన వేషము కట్టిన యొక పెద్దకు చూపితిమి. ఆయన కన్నుల దగ్గరకు తెచ్చుకొని చాలసేపు చూచి, వ్రేలితో నడిమిచోటు తాకి, "ఇక్కడ రాయి వేస్తే దుర్యోధనున్ని యాడ పండబెట్టేది?" అని అడిగెను. నిజమే. మట్టి దుర్యోధనునికి మట్టి కావలెను. అడుసు త్రొక్కవలెను, మరునాడు ఆ మన్ను నేలలోనే కలియవలెను. ఇంజనీరు నవ్వి, జేబులోని పెన్సిలు తీసి, గ్రానైటును కొట్టివేసి, నలుబది అడుగుల పొడవున "మన్ను" అని వ్రాసికొనెను. అంచనాలో ఆ మేరకు ఖర్చు తగ్గినది.